అంతర్జాలంలో బోధన సామగ్రి: అన్వేషణ, పరిశీలన

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశంలో ఒక అపూర్వమైన విద్యా ప్రయోగం ప్రారంభమైంది. అమెరికా అంతరిక్ష సంస్థ 'నాసా' నుంచి ఎరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. 'సైట్' అనే పొట్టి పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగం సరిగ్గా ఒక సంవత్సరం నడిచి 1976 జూలై 31న ముగిసింది. ఉదయం వేళ బడిపిల్లల కోసం, సాయంత్రం వేళ పెద్దల కోసం కార్యక్రమాలు ఉండేవి. ఢిల్లీ, కటక్, హైదరాబాదు కేంద్రాలలో తయారైన ఈ కార్యక్రమాలు హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలలో ఆయా గ్రామాలకు చేరాయి.

ఆనాటి ఉపాధ్యాయుని ముందు ఎంపిక అనే సమస్య లేదు. ఏ పాఠం చూపాలో, ఏ మాటలతో చెప్పాలో నిపుణులు ముందుగానే నిర్ణయించి ఉంచారు. పిల్లలను పెట్టె ముందు కూర్చోబెట్టడం, ప్రసారం ముగిసిన తరువాత అర్థం కానిది విప్పి చెప్పడం ఆయన వంతు.

ఈనాడు పరిస్థితి పూర్తిగా మారిపోయింది. చేతిలోని సెల్‌ఫోనులో ఒక పాఠం పేరు అడిగితే వందల వీడియోలు, చిత్రాలు, వ్యాసాలు, ప్రశ్నపత్రాలు ఎదుట నిలుస్తాయి. వాటిలో విశ్వవిద్యాలయ ఆచార్యులు చెప్పినవి ఉన్నవి. ఎవరు చెప్పారో తెలియనివి ఉన్నవి. మనిషి చేయి తగలకుండా యంత్రమే రాసినవి కూడా ఉన్నవి. ఆనాడు కేంద్రంలోని నిపుణులు చేసిన పనిని ఈనాడు ప్రతి ఉపాధ్యాయుడూ తన బల్ల దగ్గర తానే చేసుకోవలసి వస్తున్నది. తెలుగులో బోధించే వారికి ఈ పని మరింత బరువైనది. ఎందుకంటే వారికి దొరికే సామగ్రిలో చాలా భాగం హిందీ నుంచో, ఇంగ్లీషు నుంచో అనువాదమై వస్తున్నది. కనుక విషయం ఒప్పా తప్పా అని చూడడంతో పరిశీలన పూర్తి కాదు. పాఠంలోని భాషను కూడా అంతే శ్రద్ధతో పరీక్షించవలసి ఉంటుంది.

ఎక్కడ వెతకాలి?

అన్వేషణకు ముందే అవసరాన్ని ఒక వాక్యంలో రాసుకోవడం మంచి అలవాటు. తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పే ఒక ఉపాధ్యాయిని "పని, శక్తి" అని మాత్రమే అడిగితే ఎంతసేపైనా వెతుకులాట తెగదు. "శక్తికి, సామర్థ్యానికి గల తేడాను పది నిమిషాలలో చూపే ప్రయోగం, తెలుగులో" అని నిర్ణయించుకుంటే ఆమెకు దారి దొరుకుతుంది. ఏది కావాలో తెలిసినవారికే ఏది అక్కరలేదో తెలుస్తుంది.

మొదట చూడవలసినవి ప్రభుత్వ విద్యాసంస్థలు నిర్వహించే భాండారాలు. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవంనాడు, ప్రారంభమైన 'దీక్ష' వేదికలో పాఠశాల తరగతుల సామగ్రి ఉన్నది. పాఠ్యపుస్తకం పుటలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే ఆ పాఠానికి చెందిన సామగ్రి తెరుచుకుంటుంది. కళాశాల స్థాయికి 2017 జూలైలో మొదలైన 'స్వయం' ఉన్నది. వీడియో ఉపన్యాసం, అచ్చు తీసుకోదగిన పఠన సామగ్రి, స్వయం పరీక్ష, సందేహాల చర్చ అనే నాలుగు అంగాలు దానిలో ప్రతి పాఠ్యక్రమానికీ ఏర్పాటైనాయి. ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన 'ఎన్‌పీటీఈఎల్' పాఠాలు ఉన్నవి. వాటిలో కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా వచ్చాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం అనేక సంస్థల సేకరణలను ఒకే చోట వెతికే వీలు కల్పిస్తున్నది.

తెలుగులో వెతికేవారు ఒక చిక్కును గుర్తుంచుకోవాలి. తెలుగు లిపికి యూనికోడ్ వాడుక వ్యాపించక ముందు తయారైన అనేక పుస్తకాలు 'అను' వంటి పాత అక్షర రూపాలతో కూర్చినవి. వాటి పీడీఎఫ్ ప్రతులు కంటికి తెలుగుగానే కనిపిస్తాయి, కాని యంత్రానికి అవి తెలుగు అక్షరాలు కావు. పుటలను ఫొటో తీసి పెట్టిన పుస్తకాల సంగతీ అంతే. ఆ పుటలలో "కిరణజన్య సంయోగక్రియ" అనే మాట ఎన్నిసార్లు ఉన్నా అన్వేషణకు అందకపోవచ్చు. అటువంటప్పుడు లోపలి మాటలతో గాక పుస్తకం పేరుతో, ప్రచురణ సంస్థ పేరుతో, తరగతితో వెతకడం మేలు. ఒకే భావానికి రెండు మూడు పేర్లు వాడుకలో ఉంటే అన్నింటితోనూ ప్రయత్నించాలి.

ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?

దొరికిన పాఠాన్ని నమ్మేముందు అడగవలసిన మొదటి ప్రశ్న కర్త ఎవరని. పేరు, అర్హత, సంస్థ, తేదీ లేని పాఠం చిరునామా లేని ఉత్తరం వంటిది. వెబ్‌సైటు చిరునామా చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉంటే అది ప్రభుత్వ సంస్థది. 'ఏసీ డాట్ ఇన్' ఉంటే విద్యాసంస్థది. ప్రభుత్వ పథకాల పేర్లను పోలిన పేర్లతో ప్రైవేటు వెబ్‌సైట్లు కూడా ఉంటాయి కనుక పేరు చూసి కాక, చిరునామా చివరి భాగం చూసి గుర్తించాలి.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన ఒక అధ్యయనం ఈ విషయంలో గమనించదగినది. చరిత్ర ఆచార్యులు, పత్రికల నిజనిర్ధారకులు, విశ్వవిద్యాలయ విద్యార్థులు మొత్తం 45 మందికి కొన్ని వెబ్‌సైట్లు చూపి, వాటి విశ్వసనీయతను తేల్చమన్నారు. అందరికంటె త్వరగా, సరిగా తేల్చినవారు నిజనిర్ధారకులు. ఆచార్యులు, విద్యార్థులు తరచుగా ఆ పుటలోనే ఉండిపోయి, దాని రూపాన్ని, భాషను చూసి మోసపోయారు. నిజనిర్ధారకులు పుటను కొంచెం చూసి బయటికి వచ్చి, దానిని నడిపేవారి గురించి ఇతరులు ఏమంటున్నారో చదివారు. వధూవరుల విషయంలో మన పెద్దలు ఇరుగుపొరుగును విచారించే పద్ధతే ఇది. పాఠాల విషయంలోనూ అది పనికివస్తుంది.

రెండవ ప్రశ్న తేదీ. "భారతదేశంలో ఎన్ని రాష్ట్రాలు?" అనే చిన్న ప్రశ్ననే తీసుకుందాం. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడక ముందు 28 రాష్ట్రాలు, 7 కేంద్రపాలిత ప్రాంతాలు. ఆ తరువాత 29 రాష్ట్రాలు, 7 ప్రాంతాలు. 2019 అక్టోబరు 31న జమ్ము కాశ్మీరు, లడఖ్ వేరువేరు కేంద్రపాలిత ప్రాంతాలు కావడంతో 28 రాష్ట్రాలు, 9 ప్రాంతాలు అయ్యాయి. 2020 జనవరి 26న దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ ఒకటి కావడంతో ఆ ప్రాంతాల సంఖ్య 8కి తగ్గింది. అంటే 2013 నాటి పాఠం 28 రాష్ట్రాలని చెప్పినా అంకె ఒప్పే అనిపిస్తుంది. దానిలోని పటంలో మాత్రం తెలంగాణ ఉండదు. అంకె కలిసినంత మాత్రాన పాఠం సరైనదని అనుకోరాదు.

విజ్ఞానశాస్త్రంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ప్లూటోను గ్రహాల జాబితా నుంచి 2006 ఆగస్టులో తొలగించారు. ప్లాటినం-ఇరిడియం లోహపు దిమ్మెతో కిలోగ్రామును నిర్వచించే పద్ధతికి 2019 మే 20న స్వస్తి చెప్పి, ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా కొత్త నిర్వచనం అమలు చేశారు. అంతకుముందు తయారైన పాఠాలు అంతర్జాలంలో ఇప్పటికీ అలాగే ఉన్నవి. గ్రంథాలయంలో పాత పుస్తకం తన వయస్సును అట్టమీదే చూపుతుంది. తెరమీది పాఠానికి పుటలు పసుపుబారవు.

దేశ పటాల విషయంలో మరింత శ్రద్ధ వహించాలి. విదేశీ వెబ్‌సైట్లలోని పటాలు మన సరిహద్దులను వేరుగా చూపడం కద్దు. సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన పటాలకు విరుద్ధమైన భారతదేశ పటాన్ని ప్రచురించడం 1961 నాటి చట్టం ప్రకారం నేరం. కనుక పటం కావలసినప్పుడు ఆ సంస్థ పటాన్నే తీసుకోవాలి.

పదం ఒకటే, అర్థం వేరు

అనువాద పాఠాలకు వద్దాం. హిందీ, తెలుగు రెండూ సంస్కృతం నుంచి పుష్కలంగా పదాలు స్వీకరించాయి. ఇది గొప్ప సౌకర్యం. త్వరణం, ఘర్షణ, గురుత్వాకర్షణ, ఆమ్లం వంటి మాటలు స్వల్ప భేదంతో రెండు భాషల పాఠ్యపుస్తకాలలోనూ ఒకే అర్థంలో ఉన్నవి. కాని ఈ చుట్టరికమే అజాగ్రత్తగా ఉన్న అనువాదకుణ్ణి, అంతకంటె ఎక్కువగా అనువాద యంత్రాన్ని, తప్పుదారి పట్టిస్తుంది.

హిందీలో 'శిక్షా' అంటే విద్య. తెలుగులో శిక్ష అంటే దండన. 2018లో మొదలైన కేంద్ర పథకం 'సమగ్ర శిక్షా' తెలుగులో 'సమగ్ర శిక్ష' అనే పేరుతోనే చలామణీలో ఉన్నది. అది పేరు కనుక ఎవరూ పొరబడరు. అదే మాట పాఠం మధ్యలో వస్తే సంగతి వేరు. హిందీలో వృత్తివిద్యను 'వ్యావసాయిక్ శిక్షా' అంటారు. ఆ రెండు మాటలనూ ఉన్నవి ఉన్నట్లు దించితే చదివే తెలుగు పిల్లవాడికి సేద్యమూ, దండనా కనిపిస్తాయి. హిందీ 'ఉద్యోగ్' పరిశ్రమ, మన ఉద్యోగం నౌకరీ. హిందీ 'ఆలోచనా' విమర్శ, మన ఆలోచన తలపు. హిందీ 'ఉపన్యాస్' నవల. ప్రేమ్‌చంద్ 1936లో ప్రచురించిన 'గోదాన్' ఆయన 'ఉపన్యాసం' అని రాస్తే విద్యార్థి దానిని సభలో చేసిన ప్రసంగం అనుకుంటాడు. హిందీ 'అనుమాన్' అంటే అంచనా. గణిత పాఠంలో "జవాబును అనుమానించండి" అని కనిపిస్తే పిల్లలు నవ్వుకుంటారు, ఆ తరువాత అంచనా వేయడం నేర్చుకోకుండానే పుట తిప్పుతారు.

ఇవి నవ్వు పుట్టించే తప్పులు గనుక త్వరగా పట్టుబడతాయి. పట్టుబడని తప్పులే ప్రమాదకరమైనవి. హిందీ భౌతికశాస్త్రంలో 'ఊర్జా', 'శక్తి' అనేవి రెండు వేరు భావనలు. తెలుగు పాఠ్యపుస్తకాలలో మొదటిదాన్ని శక్తి అనీ, రెండవదాన్ని సామర్థ్యం అనీ అంటారు. హిందీ పాఠంలో "శక్తి ప్రమాణం వాట్" అన్నది ఒప్పు. దానినే మాట మార్చకుండా తెలుగులో పెడితే తప్పు. తెలుగులో శక్తికి ప్రమాణం జౌల్. వాట్ సామర్థ్యానికి ప్రమాణం. 60 వాట్ల బల్బు సెకనుకు 60 జౌళ్ల శక్తిని వినియోగిస్తుందని తరగతిలో నేర్చుకున్న బాలిక, వీడియోలో విన్న మాటను నమ్మి పరీక్షలో వాట్ అని రాస్తే, పోయిన మార్కుకు బాధ్యత ఆ పిల్లది కాదు.

రసాయనశాస్త్రంలో మరొక ఉదాహరణ ఉన్నది. హిందీలో 'సాంద్రతా' అంటే ద్రావణపు గాఢత. తెలుగులో సాంద్రత అంటే ప్రమాణ ఘనపరిమాణంలో ఉన్న ద్రవ్యరాశి. దానిని హిందీలో 'ఘనత్వ్' అంటారు. ఈ మాట తారుమారైన వాక్యంలో వ్యాకరణ దోషం ఉండదు, వినడానికి ఎబ్బెట్టుగానూ ఉండదు. విషయం తెలిసిన ఉపాధ్యాయుడు ఆగి చదివితే తప్ప దొరకదు.

ఇంగ్లీషు నుంచి వచ్చే చిక్కులు వేరు రకానివి. 'పవర్' అనే మాట భౌతికశాస్త్రంలో సామర్థ్యం, గణితంలో ఘాతం, పౌరశాస్త్రంలో అధికారం. 'సెల్' జీవశాస్త్రంలో కణం, విద్యుత్ పాఠంలో ఘటం. సందర్భం గ్రహించని అనువాదం వీటిని ఒకదాని చోట మరొకటి పెడుతుంది. సంఖ్యల విషయమూ ఇంతే: మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. ఇక్కడ పొరబడితే జనాభా పాఠం మొత్తం తలకిందులవుతుంది.

సామాజికశాస్త్రంలో ఒక జంట పదాలు ప్రత్యేక శ్రద్ధకు అర్హమైనవి. హిందీలో 'రాష్ట్ర్' అంటే జాతి, దేశం. తెలుగులో రాష్ట్రం అంటే దేశంలోని ఒక భాగం. హిందీ 'రాష్ట్రీయ్ ఏకతా' మనకు జాతీయ సమైక్యత. అయితే హిందీలో 'జాతీయ్' అనే మాట తరచుగా కులానికి సంబంధించినది అనే అర్థంలో వాడుకలో ఉన్నది. హిందీ పాఠంలో కుల వైషమ్యాలను గురించి చెప్పిన వాక్యం అజాగ్రత్తగా తెలుగులోకి వస్తే జాతీయ వైషమ్యాలుగా మారుతుంది. దేశ సమైక్యతను గురించి చెప్పిన వాక్యం ఒక రాష్ట్రానికి కుదించుకుపోతుంది. భాషల మధ్య పాఠాలు ఇచ్చిపుచ్చుకోవడం దేశ ప్రజలను దగ్గర చేసే పని. అది సరిగా జరగకపోతే ఒకరి మాట మరొకరికి వేరుగా వినిపిస్తుంది.

యంత్రానువాదం వద్దని దీని భావం కాదు. 2022లో ప్రారంభమైన 'భాషిణి' వంటి ప్రయత్నాలు భారతీయ భాషల మధ్య రాకపోకలను సులభం చేస్తున్నవి. ఒక మంచి హిందీ పాఠం మొదటి తెలుగు ముసాయిదాగా నిమిషాలలో చేతికి రావడం పెద్ద సహాయమే. కాని ముసాయిదాను ముసాయిదాగానే చూడాలి. అనువాదకులు తమ పనిని సరిచూసుకునే పద్ధతులు ఉపాధ్యాయులకూ ఉపకరిస్తాయి. మొదటిది, పాఠంలోని పది ముఖ్య పారిభాషిక పదాలను విడిగా రాసి పాఠ్యపుస్తకంతో పోల్చడం. తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పుటలలో ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు దీనికి చక్కని సాధనం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ, 1961లో ఏర్పడిన కేంద్ర శాస్త్రీయ సాంకేతిక పదజాల సంఘం ప్రచురించిన పదకోశాలు కూడా ఉన్నవి. రెండవది, అంకెలు, ప్రమాణాలు, వ్యక్తుల పేర్లు, 'కాదు', 'లేదు' అనే వ్యతిరేక పదాలు మూలంతో సరిపోయాయో లేదో చూడడం. మూడవది, మూలం పక్కన పెట్టి తెలుగు పాఠాన్ని పైకి చదవడం. చదివేటప్పుడు నాలుక ఎక్కడ తడబడుతుందో అక్కడ సాధారణంగా ఒక తప్పు దాగి ఉంటుంది.

వాడుకునే హక్కు

అంతర్జాలంలో ఉచితంగా కనిపించిన ప్రతిదీ ఉచితంగా పంచదగినది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం బోధన సందర్భంలో ఉపాధ్యాయుడు, విద్యార్థి ఒక రచనను ప్రతి తీసుకోవడానికి మినహాయింపు ఇస్తున్నది. కాని అదే పాఠాన్ని పుస్తకంగా అచ్చువేసి అమ్మడం, తన పేరుతో మరొక చోట పెట్టడం ఆ మినహాయింపులోకి రావు.

స్వేచ్ఛగా పంచుకోవడానికే తయారైన సామగ్రిని 'సార్వజనిక విద్యావనరులు' అంటున్నారు. 2002లో పారిస్‌లో యునెస్కో జరిపిన సమావేశంలో ఈ భావనకు పేరు ఏర్పడింది. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు దీనిపై ఒక సిఫారసును ఆమోదించాయి. ఇటువంటి సామగ్రి మీద సాధారణంగా 'క్రియేటివ్ కామన్స్' లైసెన్సు గుర్తు ఉంటుంది. ఆ గుర్తులో 'బీవై' అంటే కర్త పేరు చెప్పాలి. 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వాడరాదు. 'ఎస్ఏ' అంటే మార్చి పంచితే అదే షరతుతో పంచాలి. 'ఎన్‌డీ' అంటే మార్చినదాన్ని పంచరాదు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. కనుక 'ఎన్‌డీ' గుర్తు ఉన్న పాఠాన్ని తెలుగు చేసి పంచాలంటే కర్త అనుమతి తీసుకోవాలి.

తరగతి గదిలో పరీక్ష

విషయం, తేదీ, భాష, హక్కు అనే నాలుగు పరీక్షలలో నెగ్గిన పాఠం తరగతి గదిలో మళ్లీ పరీక్షకు నిలవాలి. చివరి వరుసలోని పిల్లలకు అక్షరాలు కనిపిస్తున్నవా? మాట వినిపిస్తున్నదా? ఇంటర్నెట్ ఆగిపోయినా చూపగలిగేలా ముందే దించుకున్నారా? చూపు, వినికిడి లోపం ఉన్న పిల్లలకు వేరే మార్గం ఉన్నదా? వీడియో మధ్యలో ప్రకటనలు వస్తున్నవా? ఇరవై నిమిషాల వీడియోలో ఉపయోగపడే భాగం మూడు నిమిషాలే అయితే ఆ మూడు నిమిషాలే చూపాలి.

ఉదాహరణల విషయంలో ఒక మాట. ఉత్తరాది నుంచి వచ్చిన పాఠంలో గోధుమ చేను, ఆవాల పూలు కనిపిస్తే వాటిని తీసివేయనక్కరలేదు. తమ దేశంలో మరొక చోట ఏమి పండుతుందో పిల్లలు తెలుసుకోవడం మంచిదే. ముందు తమ ఊరి వరి మడినో, వేరుశనగ చేనునో చూపి, తరువాత ఆ గోధుమ చేను చూపితే పాఠమూ అర్థమవుతుంది, దేశమూ పరిచయమవుతుంది.

ఈ శ్రమ అంతా ప్రతి ఉపాధ్యాయుడూ ప్రతి సంవత్సరం మొదటి నుంచి చేయవలసి వస్తే ఎవరికీ సాధ్యం కాదు. ఇక్కడే పాఠశాల, కళాశాల గ్రంథాలయాల పాత్ర మొదలవుతుంది. పుస్తకానికి కార్డు రాసినట్లే పరిశీలించిన ప్రతి డిజిటల్ పాఠానికీ ఒక కార్డు రాయవచ్చు. పాఠం పేరు, కర్త, అనువాదకుడు, తయారైన తేదీ, తరగతి, లైసెన్సు, చూసిన తేదీ, కనిపించిన తప్పులు, వాటి సవరణలు, తరగతిలో ఎలా పనిచేసింది – ఇంతే. "4వ నిమిషంలో శక్తి అన్నచోట సామర్థ్యం అని చెప్పాలి" అనే ఒక్క వరుస, మరుసటి సంవత్సరం ఆ పాఠం చెప్పబోయే కొత్త ఉపాధ్యాయునికి ఎంతో సమయాన్ని మిగులుస్తుంది. తప్పు కనిపించినప్పుడు ఆ సంస్థకు తెలియజేయడం కూడా ఈ పనిలో భాగమే. ఒక పాఠశాల పంపిన సవరణ అదే పాఠాన్ని వాడే ఇతర పాఠశాలలన్నింటికీ మేలు చేస్తుంది.

2,400 గ్రామాల పిల్లలు ఒకప్పుడు టెలివిజన్ ముందు కూర్చుని పాఠం విన్నారు. ప్రసారం ముగిసిన తరువాత వారి సందేహాలకు జవాబు చెప్పవలసినవాడు పక్కనే నిలబడి ఉన్న ఉపాధ్యాయుడు. పెట్టె మారింది, పాఠాల సంఖ్య పెరిగింది. ఆ ఉపాధ్యాయుని స్థానం మాత్రం మారలేదు. పిల్లలు తెరమీది మాటను నమ్మేది, దానిని ఆయన ముందుగా చూసి ఉంటారనే నమ్మకంతోనే.